‘లంఖణం పరమౌషధం’: బరువు తగ్గడానికి చెప్పిన మాటేనా?

ప్రశ్న: బరువు తగ్గాలని కడుపు మాడ్చుకునేవారు చాలామంది ‘లంఖణం పరమౌషధం’ అనే మాటనే ఆసరాగా చూపిస్తున్నారు. లంఖణమంటే ఉపవాసం ఒక్కటేనా? ఆ మాట స్థూలకాయానికీ వర్తిస్తుందా?

జవాబు: వాడుకలో లంఖణమంటే తిండి మానడమే, అందులో సందేహం లేదు. జ్వరమో అజీర్తో వచ్చినప్పుడు పెద్దలు ఆ అర్థంలోనే అంటారు. కానీ వైద్యానికి ఆధారంగా చూపుతున్నారు కాబట్టి దాని ప్రకృతి, అంటే మూలమైన సంస్కృత పదం ‘లంఘనం’ దగ్గరికి వెళ్లక తప్పదు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, సూత్రస్థానమనే భాగం 22వ అధ్యాయంలో నిర్వచనం ఇలా ఉంది: ‘యత్కించిల్లాఘవకరం దేహే తల్లంఘనం స్మృతమ్’. ఒంటిని తేలికపరిచేది ఏదైనా లంఘనమే. తర్వాత పది రకాలు చెప్పారు: నాలుగు శోధనలు (ఒంటిని శుద్ధి చేసే చికిత్సలు), దాహాన్ని ఓర్చుకోవడం, గాలి, ఎండ, పాచనాలు (అరుగుదలకు తోడ్పడేవి), ఉపవాసం, వ్యాయామం. ఉపవాసం ఆ పదింటిలో ఒకటి మాత్రమే.

స్థూలకాయం సంగతి అంతకుముందు 21వ అధ్యాయంలోనే వస్తుంది. ‘గురు చాతర్పణం చేష్టం స్థూలానాం కర్శనం ప్రతి’. లావుగా ఉన్నవారు చిక్కాలంటే గురువైనదీ (బరువైనదీ), అతర్పణమైనదీ అయిన ఆహారం మేలు అని. అంటే తొందరగా అరిగిపోకూడదు, అలాగని ఒంటికి పుష్టినీ ఇవ్వకూడదు. లావుగా ఉన్నవారికి ఆకలి మండిపోతుందని గుర్తించి చెప్పిన మాట ఇది. పీచు ఎక్కువగా, క్యాలరీలు తక్కువగా ఉన్నవాటితో కడుపు నింపుకోమని ఇప్పటి పోషకాహార నిపుణులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. నాకు ఈ శ్లోకపాదం ఎంతో ఇష్టం. ఆకలిని శత్రువుగా చూడకుండా, దానికొక దారి చూపిస్తుంది.

మరొకరి ప్రశ్న: అయినా మూడు రోజులు ఏమీ తినకపోతే కిలోలు తగ్గుతున్నాయి కదండీ. మూడో రోజుకు ఆకలి కూడా వేయడం లేదు.

జవాబు: తగ్గుతాయండీ, కాదనను. కానీ మొదట తగ్గే బరువులో నీటి వాటా పెద్దది. కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తనతోపాటు సుమారు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చు కాగానే నీరూ పోతుంది, మళ్లీ భోంచేయగానే తిరిగి వస్తుంది. పస్తు పొడిగించేకొద్దీ కొవ్వు కరుగుతుంది, నిజమే. దాంతోపాటు కండ కూడా కొంత పోతుంది.

రోజులో కొన్ని గంటలే తినే పద్ధతి దీనికన్నా చాలా నయం. అయితే అందులోనూ మహత్తేమీ లేదు. 2022లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో 139 మంది స్థూలకాయులు ఏడాదిపాటు క్యాలరీలు తగ్గించుకుని తిన్నారు. ఎనిమిది గంటల్లోనే తిన్నవారు సగటున 8 కిలోలు, వేళ నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేల్చారు. మొత్తం మీద తిండి తగ్గితేనే బరువు తగ్గుతుంది. వేళ కట్టుకుంటే అది సులువయ్యేవారికి ఆ పద్ధతి మంచిదే, నిక్షేపంగా పాటించవచ్చు.

ఇక ఆకలి వేయకపోవడం. చాలామంది దాన్ని విజయంగా చెప్పుకుంటారు. లంఘనం మితిమీరితే కనిపించే లక్షణాలను చరకసంహిత అదే 22వ అధ్యాయంలో వరుసగా చెప్పింది: కీళ్లు పీకడం, ఒళ్లు నొప్పులు, దగ్గు, నోరు ఎండిపోవడం, దాహం, అరుచి, చూపూ వినికిడీ మందగించడం. ఆ వరుసలోనే ‘క్షుత్ప్రణాశః’ అనీ ఉంది, అంటే ఆకలి చచ్చిపోవడం. కొవ్వు కరిగేటప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లనే పదార్థాలు పెరగడం వల్ల ఆకలి మందగిస్తుందని నేటి వైద్యం వివరిస్తుంది. కారణం ఏదైనా, దాన్ని ఇంకో రోజు పొడిగించడానికి అనుమతిగా తీసుకోకండి.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు వైద్యుడిని అడగకుండా ఒక్క పూట కూడా మానకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో మానసికంగా నలిగినవారు ఈ దారికే రావద్దు.