స్టార్టర్‌కు మన మాట ఏది?

మొన్న మిర్యాలగూడలో చుట్టాల ఫంక్షన్‌కు మా నాయినను తీసుకొని వెళ్లాను. హాల్లోకి అడుగు పెట్టగానే కుడివైపు ఒక బల్ల, దాని మీద తెలుగు అక్షరాల్లో ‘స్టార్టర్స్’ అని బోర్డు. నాయిన ఆగి, కూడబలుక్కొని చదివి, “ఈడ స్టార్టర్లెందుకు పెట్టిన్రు?” అని అడిగాడు. నిజంగానే అడిగాడు. నలభై ఏళ్లు బోరు మోటారును నమ్ముకొని బతికిన మనిషి. ఆయనకు స్టార్టర్ అంటే పొలం గట్టు మీద ఇనుప డబ్బాలో ఉండేది. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండేది. కాలిపోతే ఆ పూట మడి ఎండేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, కరెంటు రాగానే మోటారును తనంత తానే నడిపే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పారు. ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దుమాపు అదే మాట.

“బువ్వకు ముందు తినేటివి నాయినా” అని చెప్పాను. “మరి ఆ ముక్కే రాయొచ్చు గద” అన్నాడు.

రాయొచ్చు. కానీ ఏమని రాయాలి? వారం రోజులుగా ఇదే ఆలోచన. అందుకే గ్రూపులో పెడుతున్నాను.

ముందు మిగతా భాషలవాళ్లు ఏం చేశారో చూశాను. ఇటలీవాళ్లది ‘ఆంటిపాస్తో’. పాస్తాకు ముందు తినేది అని చాలామంది అనుకుంటారు. అక్కడ ‘పాస్తో’ అంటే భోజనం, కాబట్టి భోజనానికి ముందుది అని అర్థం. మా నాయిన చెప్పింది అచ్చంగా ఇదే. జపాన్‌వాళ్ల ‘జెన్‌సాయ్’ కూడా అంతే, ముందు వచ్చే వంటకం. ఫ్రెంచివాళ్ల ‘ఓర్ దూవ్ర్’ అంటే అసలు పనికి బయటిది. విందును ఒక కట్టడం అనుకుంటే ఇది దాని అరుగు అన్నమాట. వాళ్లదే ఇంకో మాట ‘ఆంత్రే’, అంటే ప్రవేశం. ఫ్రాన్స్‌లో ఇప్పుడు దాన్ని మొదటి వంటకానికి వాడతారు. అమెరికాలో అదే మాటకు ప్రధాన వంటకం అని అర్థం. పాత ఫ్రెంచి విందుల్లో ఆంత్రే సూప్ తర్వాత, కాల్చిన మాంసానికి ముందు వచ్చే గట్టి మాంసం వంటకం. అమెరికావాళ్లు అందులో మాంసాన్ని పట్టుకున్నారు, ఫ్రెంచివాళ్లు మొదటి స్థానాన్ని పట్టుకున్నారు.

చైనా మాట నాకు బాగా నచ్చింది. ‘కైవేయ్ త్సాయ్’ అంటే కడుపు తెరిచే కూర. మనం కడుపు తెరవం. మనకు నోరు ఊరుతుంది, ఆకలి లేస్తుంది, జఠరాగ్ని రగులుతుంది. ఆకలిని నిప్పుగా చూడటం మన దగ్గర పాత సంగతే. భావప్రకాశంలో ఈ శ్లోకం ఉంది:

భోజనాగ్రే సదా పథ్యం లవణార్ద్రకభక్షణమ్ ।
అగ్నిసందీపనం రుచ్యం జిహ్వాకంఠవిశోధనమ్ ॥

భోజనానికి ముందు ఉప్పు, అల్లం తినడం ఎప్పుడూ మంచిది. అది అగ్నిని రగిలిస్తుంది, రుచి పుట్టిస్తుంది, నాలుకను, గొంతును శుభ్రం చేస్తుంది. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం ‘భోజనాగ్రే’ అని స్థానం చెప్పింది, ‘అగ్నిసందీపనం’ అని పనీ చెప్పింది. ఇందులోంచి ‘దీపనం’ అనే మాట తీసుకోవచ్చని నాకనిపిస్తోంది. ఆకలి అనే అర్థంలో దీపనం పాత తెలుగులో ఉన్నదే. బోర్డు మీద ‘దీపనాలు’ అని రాస్తే ఎట్లుంటుంది? మీ అభిప్రాయం చెప్పండి.

— వ్యాఖ్య (దేవరకొండ నుంచి): అన్నా, మనకు ‘నంజు’ ఉండగా వేరే మాట ఎందుకు? నంజుకోను ఏమున్నది అని రోజూ అడుగుతం.

తమ్ముడూ, నాకూ మొదట తట్టింది అదే. రెండు చిక్కులున్నాయి. నంజుకోవడం అంటే ఒకటి తింటూ పక్కన ఇంకోటి కొరకడం. జొన్నరొట్టెకు ఉల్లిగడ్డ నంజుకుంటాం, అన్నంలోకి వడియం నంజుకుంటాం. ముందు తినడం అనే భావం అందులో లేదు. రెండోది, పుండు నంజెక్కింది అన్నప్పుడు అదే అక్షరాలకు విషం అని అర్థం. తిండి బల్ల మీద ఆ మాట రాయడానికి నా మనసు ఒప్పుకోదు. క్రియగా అది ఎంత బాగుంటుందో, నామంగా అంత ఇబ్బంది పెడుతుంది.

అయితే కల్లు దగ్గర మాత్రం నంజు సరిగ్గా అతుకుతుంది. తాటివనంలో బొబ్బర గుడాలో, బోటి వేపుడో ముందర పెట్టుకున్నప్పుడు ఆ తినేది తాగేదానికి తోడు. రష్యావాళ్ల ‘జకూస్కి’ కూడా అదే. ఆ మాటకు మూలం కొరకడం. గుక్క తాగి, ఉప్పులో ఊరిన చేప ముక్కో, దోసకాయ ముక్కో కొరుకుతారు.

— వ్యాఖ్య (నల్లగొండ నుంచి): సంస్కృతంలో ‘ఉపదంశం’ ఉంది కదండీ. దంశం అంటే కొరకడమే. మీ రష్యా మాటకు అచ్చంగా సరిపోతుంది.

సరిపోతుంది మాస్టారూ, అర్థంలో వెంట్రుకవాసి తేడా లేదు. పానంతో పాటు కొరికేదే ఉపదంశం. కానీ అది కూడా తోడు పదార్థమే. పైగా బోర్డు చదివి మా నాయిన మళ్లీ నన్నే అడగాల్సి వస్తుంది.

— వ్యాఖ్య (వనపర్తి నుంచి): మా దిక్కు ‘స్టఫ్’ అంటరు, లేకుంటే ‘చక్నా’. తిననీకి స్టఫ్ ఏముంది అని అడుగుతరు.

అక్కా, మంచి మాట గుర్తు చేశారు. చక్నా అంటే ఉర్దూలో రుచి చూడటం. దీని పక్కన ఇంకో మాట పెట్టి చూడండి. టర్కీ, గ్రీసు, లెబనాన్ విందుల్లో చిన్నచిన్న పళ్లాల్లో ముందుగా వచ్చేవాటిని ‘మెజె’ అంటారు. దానికి మూలం పారసీ ‘మజా’, అంటే రుచి. అదే పారసీ మాట ఉర్దూ గుండా మన దగ్గరికీ వచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ‘మజా వచ్చింది’ అనని మనిషి ఉండడు. ఒకే మాట పడమటికి పోయి పళ్లెంలో కూర్చుంది. మన దిక్కు వచ్చి నోటి రుచి దాటి, పాటకూ పండుగకూ అంటుకుంది. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

— వ్యాఖ్య (కొల్లాపూర్ నుంచి): షురూ అంటం కద. ‘షురువాత్’ అని పెట్టండి.

వినడానికి బాగుంది. కానీ షురువాత్ పెండ్లికైనా, పంచాయితీకైనా షురువాతే. తిండి వాసన అందులో లేదు.

— వ్యాఖ్య (సూర్యాపేట నుంచి): అసలు మన భోజనంలో ఇట్లాంటి వంతే లేదు. విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డిస్తాం. లేనిదానికి పేరెందుకు?

ఇది ఆలోచించాల్సిన మాట. వంతులవారీగా వడ్డించడం యూరప్‌లో కూడా పాతది కాదు. ఫ్రెంచి విందుల్లోనూ 19వ శతాబ్దం దాకా చాలా వంటకాలను ఒకేసారి బల్ల నిండా పరిచేవారు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చిపెట్టే రష్యా పద్ధతి వచ్చి ఆ శతాబ్దంలో దాన్ని నెట్టేసింది. మన విస్తరి ఆ పాత బల్ల లాంటిది. కాకపోతే వరుస వడ్డనలో లేకపోయినా తినే చేతిలో ఉంది. పప్పు, కూర, పులుసు, పెరుగు అని చెయ్యి తనంత తానే పోతుంది. రోమన్లకూ మొదలు గుడ్డు, చివర ఆపిల్ అనే వరుస ఉండేది. ‘గుడ్డు నుంచి ఆపిల్ దాకా’ అంటే వాళ్ల భాషలో మొదటి నుంచి చివరిదాకా అని.

మనకు ఆ మొదలు ఒక వంటకం కాదు, ఒక ముద్ద. బాలింతకు నెయ్యి, శొంఠిపొడి కలిపిన ముద్దే మొదట పెడతారు. ‘ప్రథమ కబళే మక్షికాపాతం’ అంటాం, మొదటి ముద్దలోనే ఈగ పడిందని. స్పెయిన్ ‘తాపాస్’ పేరు వెనకా ఈగే ఉందని ఒక కథ చెప్తారు. ‘తాపా’ అంటే మూత. గ్లాసులో ఈగ పడకుండా రొట్టె ముక్క మూతగా పెట్టేవారట, తర్వాత ఆ మూతే తిండి అయిందట. కథ సంగతి ఎట్లున్నా, మూత అనే అర్థం మాత్రం ఖాయం.

— వ్యాఖ్య (మహబూబ్‌నగర్ నుంచి): ఇంత దూరం పోయి మన ఇంటి పక్కది వదిలేశారు సార్. మా దోస్తుల ఇండ్లల్లో పెండ్లి దావత్ ‘లుఖ్మీ’తో మొదలైతది. చతురస్రంగా ఉంటది, మైదా పొరల్లో ఖీమా పెట్టి నూనెల వేయిస్తరు. పక్కన కబాబు, మరగ్ ఉంటయి. మా దోస్తు వాళ్ల అమ్మను అడిగిన, లుఖ్మీ అంటే ఏందని. ‘లుఖ్మా’ అంటే ముద్ద అని చెప్పింది.

సార్, మీకు చాలా థ్యాంక్స్. ఇది చదివాక నా ‘దీపనం’ పక్కన పెట్టేశాను.

అరబ్బీలో లుఖ్మా అంటే నోట్లో పట్టేటంత తిండి, ముద్ద. మరగ్ కూడా అరబ్బీ మాటే, మాంసం ఉడికిన రసం. హైదరాబాదీ దావత్‌లో మొదట వచ్చే పదార్థానికి ‘ముద్ద’ అనే పేరు ఎప్పుడో కుదిరిపోయింది. అది ముద్దలా గుండ్రంగా లేదు, అన్నమూ కాదు. అయినా పేరు నిలబడింది. అలాంటప్పుడు ‘తొలిముద్ద’ మాత్రం ఎందుకు నిలబడదు? వేయించిన గోబీ ముద్ద ఎట్లా అవుతుందని ఎవరైనా అడిగితే, మైదా పలక ఎట్లా అయిందో అట్లానే అని చెప్తాను.

దీపనాన్ని వదలడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో ముందు పెట్టేవి నిప్పు రగిలించవు, ఆర్పుతాయి. నూనెలో మునిగిన చికెన్, చిల్లీ గోబీ నాలుగు సార్లు పెట్టించుకున్నవాళ్లు బువ్వ దగ్గర విస్తరి సగంలో లేస్తున్నారు. వాటిని దీపనాలు అంటే శ్లోకానికి అన్యాయం. తొలిముద్ద ఆ పని గురించి ఏ మాటా ఇవ్వదు. ముందు తినేది అని మాత్రమే చెప్తుంది, నాయిన అడిగినట్టే.

— వ్యాఖ్య (దేవరకొండ నుంచి): తొలిముద్ద బాగుంది అన్నా. కానీ పలకనీకి పొడుగు లేదా?

స్టార్టర్స్‌కు మూడు అక్షరాలు, తొలిముద్దకు నాలుగు, ఒక్కటే ఎక్కువ తమ్ముడూ. ఒత్తులు మాత్రం స్టార్టర్స్‌కే ఎక్కువ.

మూడు వారాల తర్వాత చేరుస్తున్నాను: మా అక్క కొడుకు పెండ్లికి వంటాయనతో మాట్లాడి, ముందు బల్ల మీద బొబ్బర గుడాలు, మక్క గారెలు పెట్టించాం. బోర్డు నేనే అట్టముక్క మీద మార్కర్‌తో రాశాను, ‘తొలిముద్ద’ అని. నాయిన బల్ల ముందు ఆగి చదివాడు. ఈసారి నా దిక్కు చూడలేదు. వడ్డించే పిల్లగాడినే అడిగాడు, “శొంఠిపొడి పెట్టిన్రా బిడ్డా?”

“లేదు తాతా, గుడాలు.”

“గుడాలైతే ఎయ్యి” అని ప్లేటు చాపాడు.