నెబ్యులా ఫొటోల్లో ఆ రంగులు నిజమేనా?

రాత్రిపక్షి:
నిన్న అర్ధరాత్రి దాకా జేమ్స్ వెబ్ స్పేస్ టెలిస్కోప్ ఫొటోలు చూస్తూ కూర్చున్నా, 2022 జులైలో వదిలిన ఆ కరీనా నెబ్యులా (అంతరిక్షంలో ఉండే గ్యాస్, దుమ్ము మేఘం) ఫొటో అయితే ఎన్నిసార్లు జూమ్ చేసి చూశానో, కింద నారింజ రంగు కొండలు, పైన నీలం, మతి పోయింది. మా ఫ్రెండేమో అదంతా ఎడిటింగ్ రా, అక్కడ ఏ రంగూ ఉండదు అని తీసిపారేశాడు. నిజంగానా? దగ్గరికి వెళ్తే మన కంటికి ఎలా కనిపిస్తుంది?

చుక్కలలెక్క:
మీ ఫ్రెండ్ చెప్పింది సగమే కరెక్ట్. వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్, అది మన కంటికి ఎలాగూ ఆనదు, కాబట్టి ఒక్కో ఫిల్టర్‌తో బ్లాక్ అండ్ వైట్‌లో తీసి పొడుగు తరంగాలకి ఎరుపు, పొట్టి వాటికి నీలం ఇచ్చి కలుపుతారు. హబుల్ టెలిస్కోప్ 1995లో తీసిన పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్ అనే నెబ్యులా ఫొటోలో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం వేశారు. అసలైతే సల్ఫర్, హైడ్రోజన్ రెండూ ఎరుపులోనే వెలుగుతాయి, అలాగే వదిలేస్తే ఏది ఎక్కడుందో తేలదు కదా. అంటే రంగు మార్చారు గానీ లేని గ్యాస్‌ని గీయలేదు, ఎడిటింగ్ అనేవాళ్ళు ఈ తేడా పట్టించుకోరు.

దుర్భిణి:
దగ్గరికి వెళ్తే ఇంకా బాగా వెలుగుతుంది అనుకుంటారు అందరూ, కానీ వెలగదు. దగ్గరయ్యే కొద్దీ వచ్చే వెలుతురు పెరుగుతుంది కానీ నెబ్యులా కూడా అంతకంతా పెద్దగా పరుచుకుంటుంది, కాబట్టి ఏ ముక్క చూసినా అదే మసక. మసక వెలుతుర్లో మన కన్ను రంగు పట్టలేదు, బూడిద రంగే. పైగా అది పొగ మేఘంలా చిక్కగా ఉండదు, ఓరియన్ నెబ్యులాలో క్యూబిక్ సెంటీమీటర్‌కి ఉండేది మహా అయితే కొన్ని వేల అణువులు, మనం ల్యాబ్‌లో చేసే మంచి వాక్యూమ్ కన్నా పల్చన. అంత పల్చటిది కూడా కాంతి సంవత్సరాల మందాన ఉంది కాబట్టి కనిపిస్తోంది.

రాత్రిపక్షి:
అయ్యో, అంత దూరం వెళ్ళి బూడిద రంగు చూడాలా 😭

పాతటెలిస్కోప్:
అందుకే కదా బ్రో మనం వెళ్ళకుండా 6.5 మీటర్ల అద్దాన్ని పంపింది! కెమెరా గంటల తరబడి వెలుతురు పోగేస్తుంది, కన్ను పోగేయలేదు. నాకైతే అన్నిట్లోకి క్రాబ్ నెబ్యులా ఇష్టం, 1054లో చైనావాళ్ళు పట్టపగలు కనిపించిన కొత్త చుక్క అని రాసుకున్నారే, అది ఒక నక్షత్రం పేలుడు, అందులో మిగిలిందే క్రాబ్. నడిమధ్యలో ఉన్న పల్సార్ (పేలిన నక్షత్రంలో మిగిలిన, గిరగిరా తిరిగే చిక్కటి ముద్ద) సెకనుకి దాదాపు 30 సార్లు తిరుగుతోంది. దశాబ్దాల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే క్రాబ్‌లోని గ్యాస్ పోగులు బయటికి జరిగినట్టు తెలిసిపోతుంది, పేలుడు విసిరిన గ్యాస్ ఇంకా పరుచుకుంటూనే ఉందన్నమాట.

దుర్భిణి:
@రాత్రిపక్షి ఫీలవ్వకు, టెలిస్కోప్ లేకపోయినా ఒకటి చూడొచ్చు. జనవరి, ఫిబ్రవరిలో సాయంత్రం చీకటి పడ్డాక ఓరియన్ (వేటగాడి ఆకారంలో ఉండే నక్షత్ర మండలం) నడుము దగ్గర వరసగా మూడు చుక్కలుంటాయి, వాటి కింద కత్తిలా చిన్న వరస, దాని మధ్యలో అలుక్కుపోయినట్టు ఉండేదే ఓరియన్ నెబ్యులా, దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరం. చంద్రుడు లేని రోజు చూడు, సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

రాత్రిపక్షి:
బైనాక్యులర్స్‌తో అయితే? 10×50 ఉంది నా దగ్గర

దుర్భిణి:
బ్రహ్మాండం, అది చాలు. మోచేతులు దేనికైనా ఆనించి చూడు, లేకపోతే ఊగిపోతుంది.