డిస్లెక్సియా ఉన్న బాబుని చిన్న స్కూల్లో వేయొచ్చా?

హైదరాబాద్‌లో ఉంటాం. బాబు నాలుగో తరగతి, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) అని సైకాలజిస్టు రిపోర్టు ఇచ్చారు. కథ చదివి వినిపిస్తే ప్రశ్న మీద ప్రశ్న అడుగుతాడు, నోటి లెక్కల్లో చురుకు. అదే పేజీ చేతికిస్తే రెండో లైన్లోనే ఆగిపోతాడు. ఇప్పటి స్కూల్లో "ఇంకాస్త ప్రాక్టీస్ చేయించండి" అంటారు, అంతే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉందనీ, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారనీ తెలుసు. నా బెంగ పదో తరగతి పరీక్ష గురించి కాదు, ఈలోపు గడవాల్సిన ఏళ్ళ గురించి.

క్లాసుకి పదిహేనుమంది లోపు ఉండే చిన్న ప్రైవేటు స్కూలు ఒకటి చూశాం. ఎవరికి ఎలా ఎక్కితే అలా చెబుతారట. పదో తరగతి ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ బోర్డు) రాయిస్తారు. ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష ఉంటే చాలు. మా మామగారు మాత్రం "ఓపెన్ స్కూలా?" అని ముఖం చిట్లించారు (రిటైర్డ్ హెడ్మాస్టరు లెండి).

ఇలాంటిచోట పిల్లల్ని చదివించినవారు చెప్పండి. స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ ఉన్న టీచరు) నిజంగా రోజూ క్లాసులో ఉంటారా, పేరుకే ఉంటారా? చేర్చకముందే ఎలా కనిపెట్టాలి? తర్వాత ఇంటర్‌కి మామూలు కాలేజీలో చేరేటప్పుడు ఇబ్బంది పడ్డారా? తెలుగు చదవడం పూర్తిగా పోకుండా ఇంట్లో ఏం చేశారు?