గ్రూప్ సైక్లింగ్ క్లాసు బాగుందంటే దేని వల్ల? పాటల వల్లా, కోచ్ వల్లా?

వెనకవరుస:
మా జిమ్‌లో ఇండోర్ సైక్లింగ్ క్లాసు ఇద్దరు నడుపుతారు. ఒకాయన మొదటి నిమిషం నుంచి చివరిదాకా బైక్ దిగడు. పాటలు అదిరిపోతాయి, క్లాసు ఎప్పుడూ ఫుల్. రెండో కోచ్ మేడమ్ ముందు అందరి సీట్లూ చూస్తారు, మధ్యలో బైక్ దిగి మన పక్కకొచ్చి నిలబడతారు. ఆవిడ పాటలు మామూలుగా ఉంటాయి. నా దృష్టిలో ఆవిడదే మంచి క్లాసు. ఫ్రెండ్స్ ఎవరూ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

తాళం:
నేనూ ఒప్పుకోను. ఊపు లేకపోతే క్లాసు దేనికండీ, ఇంట్లో ఒక్కళ్లమే తొక్కుకోవచ్చు కదా. నిమిషానికి 160 బీట్ల పాట పెట్టి, బీటుకో కాలు చొప్పున తొక్కితే పెడళ్లు నిమిషానికి 80 చుట్లు తిరుగుతాయి. గదిలో అందరి కాళ్లూ ఒకేసారి పడుతుంటే అలసట కూడా తెలియదు.

వెనకవరుస:
80 చుట్లు సరే, ఎంత రెసిస్టెన్స్ మీద, అంటే పెడల్ ఎంత బిగుతుగా ఉంటే? కాలు వేసే బలం, చుట్ల వేగం కలిస్తేనే పవర్. ఆ బిగుతు మార్చే నాబ్ వదులుగా పెట్టుకుని తాళం తప్పకుండా తొక్కేవాళ్లను రోజూ చూస్తున్నా. కాళ్లను చక్రమే తిప్పుతుంటుంది, వాళ్లు సీటు మీద ఎగిరెగిరి పడుతుంటారు. ముందు కూర్చున్న కోచ్‌కు అదేం కనపడదు.

కోచ్_కూడా:
నేను క్లాసులు నడుపుతాను కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. చాలా స్టూడియో బైకుల్లో ఫ్లైవీల్, అంటే ఆ బరువైన చక్రం, పెడళ్లతో కలిసే తిరుగుతుంది. మనం కాళ్లు ఆపినా చక్రం ఆగదు, కాళ్లనే లాక్కుపోతుంది. అలాంటి బైకుల్లో సాధారణంగా నాబ్‌ను కిందికి నొక్కితే ఆగుతుంది. కొత్తవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పకుండా పాట మొదలుపెట్టే క్లాసు, ఎంత ఫుల్ అయినా సరే, మంచి క్లాసు కాదు.

తర్వాత సీటు. బైక్ పక్కన నిలబడితే సీటు తుంటి ఎముక ఎత్తుకు రావాలి. ఎక్కాక పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం, అంటే 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. మరీ ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది. మనిషికి ఒక్క నిమిషం పట్టే పని ఇది.

ఇంకోటి, "అందరూ ఒక రౌండు బిగించండి" అనే మాట. పక్కపక్కనున్న రెండు బైకుల్లో కూడా ఆ ఒక్క రౌండు ఒకేలా ఉండదు. మనుషుల బలం ముందే ఒకటి కాదు. "మూడు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేనంత బిగించండి" అంటే ఎవరి కొలత వాళ్లకు దొరుకుతుంది. వాట్లు చూపించే స్క్రీన్ ఉన్నా నేను ఈ మాట మానను.

కొత్తగా_చేరా:
అన్నా, ఒక డౌట్. మొదటి క్లాసులో అందరూ లేచి తొక్కుతుంటే నేనూ లేచాను, ఆపితే అందరూ చూస్తారేమోనని టెన్షన్. రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఇది మామూలేనా?

కోచ్_కూడా:
ఆ మాత్రం నొప్పి మామూలేనమ్మా. కానీ తొడలు వాచి, నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం టీ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండరం దెబ్బతిని, అందులోని ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలను పాడుచేస్తుంది. మొదటి క్లాసుకే ఇలా అయినవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. అందుకే కొత్తవాళ్లను కూర్చునే తొక్కమంటాను, సగంలో దిగినా పర్లేదని అందరి ముందూ చెప్తాను. ఆ మాట కోచ్ నోట వస్తే నీకా టెన్షన్ ఉండేది కాదు.

తాళం:
భద్రత విషయంలో వాదన లేదు. కానీ సీటు సరిచేసి, జాగ్రత్తలన్నీ చెప్పినా క్లాసు చప్పగా ఉంటే జనం రెండోసారి రారు. రానివాళ్లకు ఏం నేర్పుతారు? మంచి కోచ్ పాటను బట్టే క్లాసును అల్లుతాడు. బరువైన బీటుకు గుట్ట ఎక్కుతున్నట్టు బిగించి నిమిషానికి 65 చుట్లు, తర్వాత ఊపిరి తీసుకోవడానికి నెమ్మదైన పాట.

వెనకవరుస:
అలా అల్లితే నాకూ ఇష్టమేనండి. నా గొడవంతా పాటల కోసం మిగతావన్నీ వదిలేయడం మీదే. మా మొదటి కోచ్ పెట్టే సౌండుకు ఆయన చెప్పేది ఎవరికీ వినపడదు. అమెరికాలో నియోష్ అనే సంస్థ పనిచేసే చోట సౌండుకు పెట్టిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే. క్లాసేమో 45 నిమిషాలు.

తాళం:
సౌండు తగ్గించమంటే తగ్గిద్దాం. తాళం తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. చేతుల్లో డంబెల్స్ పట్టుకుని తొక్కించడం మీద మీ మాటేంటి కోచ్ గారూ?

కోచ్_కూడా:
నేను పెట్టను. తొక్కుతూ ఎత్తాలంటే చాలా చిన్న బరువులే ఎత్తగలం, వాటితో చేతులకు పెద్దగా బలం రాదు. పైగా దృష్టి చేతుల మీదికి పోయి కాళ్ల పని తగ్గిపోతుంది. బరువులు ఎత్తాలనుంటే బైక్ దిగి ఎత్తండి.