డయాబ్లో 4 గేమ్‌లో రోగ్ (2024 చివరి నాటి చర్చ): కత్తులా, విల్లా? టార్మెంట్ 1లో నిలబడలేకపోతున్నా, కాస్త దారి చెప్పండి

రాత్రిషిఫ్ట్_రోగ్

అందరికీ నమస్తే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి. ఇన్నాళ్లూ బార్బేరియన్ క్లాసు ఆడాను, వెసెల్ ఆఫ్ హేట్రెడ్ ఎక్స్‌పాన్షన్ వచ్చాక ఈసారి కొత్తగా ఉంటుందని రోగ్ క్లాసు తీసుకున్నా. లెవెల్ 60 దాకా నల్లేరు మీద బండిలా సాగిపోయింది, నిజంగా ఇంత మజా బార్బేరియన్‌తో ఎప్పుడూ రాలేదు, ఆ డాష్ కొట్టి గుంపులోంచి దూరి అవతలికి పోవడం ఉంది చూశారూ, దానికే పడిపోయా. పిట్ అనే టైమర్ డంజన్‌లో 20వ అంచె ఎలాగోలా చివరి నిమిషంలో కొట్టి టార్మెంట్ 1 అనే పై కష్టం లెవెల్ తెరిచా, అక్కడ మొదలైంది కష్టం. ఎలీట్ (మామూలువాటికన్నా బలమైన) రాక్షసుల గుంపు కనిపించిందంటే రెండు సెకన్లలో నేల మీద ఉంటున్నా, ఏం తగిలిందో కూడా కనిపించట్లేదు.

బిల్డ్ (స్కిల్స్, సామాన్ల కూర్పు) ఒక వీడియో చూసి కట్టుకున్నా. స్కిల్స్ ఇవి: పంక్చర్, ట్విస్టింగ్ బ్లేడ్స్, డాష్, షాడో స్టెప్, పాయిజన్ ఇంబ్యూమెంట్, అల్టిమేట్ షాడో క్లోన్. మెడలో వర్డ్ ఆఫ్ హకాన్ అనే యూనిక్ అమ్యులెట్ ఉంది, చేతిలో రెండు బాకులు, ఒక క్రాస్‌బో. డాన్స్ ఆఫ్ నైవ్స్ అనే స్కిల్‌కి మారిపొమ్మని ఒకరు, ఈ క్లాసుకి విల్లే దిక్కని ఇంకొకరు, ఎవరి మాట వినాలో తెలీట్లేదు. సెకండ్ షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చేసరికి పదకొండు, ఆడేది గంటన్నర. శనివారాలు మా బామ్మర్ది డ్రూయిడ్‌తో వస్తాడు. మా గల్లీలో వాన పడితే నెట్ ఊగుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి. గట్టిగా నిలబడే రోగ్ కావాలి, అంతే.

కోఠి_గల్లీ

అన్న, బిల్డ్ ముచ్చట తర్వాత మాట్లాడుదం. ముందుగాల నీ ఆర్మర్ ఎంతున్నదో చెప్పు, రెసిస్టెన్స్‌లు (నిప్పు, విషం, పిడుగు దెబ్బలు ఆపే అంకెలు) ఎంతున్నయో చెప్పు. టార్మెంట్ 1 కింది లెవెల్ పెనిటెంట్‌ల ఒకసారి చూడు, టార్మెంట్ 1ల ఒకసారి చూడు, రెండూ రాయి.

రాత్రిషిఫ్ట్_రోగ్

ఇప్పుడే చూశా. పెనిటెంట్‌లో ఆర్మర్ 640, ఫైర్ 41, పాయిజన్ 38, లైట్నింగ్ 22. టార్మెంట్‌కి మారగానే ఆర్మర్ 390 చూపిస్తోంది, ఫైర్ 16, లైట్నింగ్ అయితే మైనస్ 3. ఇదేంటి, బగ్గా?

కోఠి_గల్లీ

బగ్ కాదన్న, దొరికింది నీ రోగం. టార్మెంట్ 1ల అడుగు పెట్టంగనే ఆర్మర్ల 250 కోస్తది, అన్ని రెసిస్టెన్స్‌ల నుంచి 25 కోస్తది. టార్మెంట్ 2ల 500, 50. మూడుల 750, 75. నాలుగుల వెయ్యి, వంద. ఆర్మర్‌కు పైహద్దు 1000, రెసిస్టెన్స్‌కు 70. అంటే టార్మెంట్ 1ల నిండుగ ఉండాల్నంటే కోత పడకముందు 1250 ఆర్మర్, 95 రెసిస్టెన్స్ తెచ్చుకోవాలె. నువ్వు అండ్ల సగంతోని తిరుగుతున్నవ్. గిట్ల ఉంటే కత్తులైనా విల్లైనా ఒకటే, ఏ బిల్డు పెట్టినా చస్తవ్.

నేను 2023 జూన్‌ల గేమ్ వచ్చిన కాడికెల్లి రోగే ఆడుతున్న, ప్రతి సీజన్ల ఇదే చూస్తున్న. పోరగాళ్లు డామేజ్ లెక్క చూస్కుంట ఉంటరు, ఎవని చేతుల చస్తున్నరో చూడరు. నన్నడిగితే గట్టి రోగ్ అంటే ఇంకో రెండు సెకన్లు ఎక్కువ బతికేటోడు. రోగ్‌కు బార్బేరియన్ లెక్క మందం తోలు లేదు, గా రెండు సెకన్లు నువ్వే సంపాయించుకోవాలె.

జర గివి చెయ్యి. ఉంగరాలకు సాకెట్లు (జెమ్స్ పెట్టే గుంటలు) లేకుంటే జువెలర్ దగ్గర స్కాటర్డ్ ప్రిజం ఇచ్చి పొడిపించు. నగలల్ల స్కల్ పెడితే ఆర్మర్ వస్తది, డైమండ్ పెడితే అన్ని రెసిస్టెన్స్‌లు కొంచెం కొంచెం, టోపజ్ లైట్నింగ్‌కు, రూబీ ఫైర్‌కు, ఎమరాల్డ్ పాయిజన్‌కు. నీకు అన్నిటికన్న లైట్నింగ్ అధ్వానంగున్నది, మొదలు అది సూస్కో. పాయిజన్ ఇంబ్యూమెంట్ తీసి ఆ జాగల డార్క్ ష్రౌడ్ పెట్టు. ఒంటి చుట్టు ఐదు నీడలు తిరుగుతయి, ఒక్కొక్క నీడ కొంత డామేజ్ తగ్గిస్తది, దెబ్బ పడ్డప్పుడల్ల ఒకటి కరుగుతది. అవి అయిపోకముందే మళ్లా వేస్కునుడు చేతికి అలవాటు కావాలె, బస్సులో ఫుట్‌బోర్డ్ మీద నిలబడ్డోడు రాడ్డు పట్టుకున్నట్టు, చెయ్యి దానంతట అదే పోవాలె.

మియాపూర్_విలుకాడు

ఆర్మర్ గురించి పైన చెప్పింది కరెక్టే గానీ నెట్ ఊగుతుందన్న మాట ఎవరూ పట్టించుకోలేదండీ. నాదీ అదే పరిస్థితి, వాన మొదలైతే పింగ్ (నెట్ ఆలస్యం) 80 నుంచి 300కి ఎగురుతుంది. దగ్గరికెళ్లి పొడిచే బిల్డుకి ఆ పింగ్‌తో ప్రాణం నిలవదు, మీరు డాష్ నొక్కిన చోట మీరు ఉండరు. నేను పెనెట్రేటింగ్ షాట్ ఆడతాను. బాణం వరసలో ఉన్న ప్రతివాడినీ చీల్చుకుంటూ పోతుంది, కాబట్టి సన్నటి సందులో నిలబడి అందరూ ఒకే వరసలోకి వచ్చేదాకా ఆగి వదలాలి. కాల్ట్రాప్స్ వేస్తే వెనక్కి గెంతుతాం, వెంటపడేవాళ్లు ముళ్ల మీద కాళ్లీడుస్తారు, ఈలోపు ఇంకో బాణం. తొందరపడేవాళ్లకి నచ్చదు, నాకు మాత్రం ప్రాణం.

హార్డ్‌కోర్ మోడ్‌లో (ఒక్కసారి చస్తే క్యారెక్టర్ పోయినట్టే) ఆడదామని ఎప్పుడైనా అనిపిస్తే ఇన్వెంటరీలో స్క్రోల్ ఆఫ్ ఎస్కేప్ పెట్టుకోకుండా గడప దాటకండి. కనెక్షన్ తెగిపోతే అది దానంతట అదే పనిచేసి టౌన్‌కి చేరుస్తుంది. పోయిన ఆషాఢంలో నా క్యారెక్టర్ దానివల్లే బతికింది.

తార్నాక_నీడ

నేను ట్విస్టింగ్ బ్లేడ్సే ఆడతాను, టార్మెంట్ 3లో ఉన్నా, అందుకని కత్తుల తరఫున ఒక మాట. పైన ఇద్దరూ చెప్పింది నిజమే కానీ ఆయనకి డాష్ కొట్టి దూరడమే ఇష్టమని రాశారు కదా, అలాంటి మనిషిని సందులో నిలబెట్టి బాణాలు వెయ్యమంటే వారంలో గేమ్ తీసేస్తారు. గంటన్నరే దొరికేవాళ్లు తమకి నచ్చిన ఆటే ఆడాలి.

రాత్రిషిఫ్ట్ గారూ, మీరు గుంపు మధ్యలోనే నిలబడి పొడుస్తున్నారని నా అనుమానం. ట్విస్టింగ్ బ్లేడ్స్ అలా ఆడేది కాదు. కత్తులు వాడి ఒంట్లో దిగాక 1.5 సెకన్లకి మీ దగ్గరికి తిరిగొస్తాయి, వచ్చే దారిలో ఎవరున్నా కోసుకుంటూ వస్తాయి, అసలు దెబ్బ ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. అంటే పొడిచిన వెంటనే మీరు అక్కడ ఉండకూడదు. షాడో స్టెప్‌తో వాడి వీపు వెనక తేలండి, రెండు సార్లు పొడవండి, డాష్‌తో గుంపుని చీల్చుకుంటూ అవతలి వైపుకి వెళ్లిపోండి, ఇప్పుడు కత్తులకీ మీకూ మధ్యలో మొత్తం గుంపు ఉంటుంది, కత్తులన్నీ వాళ్లందరిలోంచీ రావాలి. ఇంటి ముందు తాడు పట్టుకుని గిర్రున తిప్పే పిల్లల ఆట గుర్తు తెచ్చుకోండి, మీరు ఎంత దూరం జరిగితే తాడు అంత మేర ఊడుస్తుంది. బ్లేడ్‌డాన్సర్స్ ఆస్పెక్ట్ (సామాను మీద ముద్రించుకునే ప్రత్యేక శక్తి) ఉంటే తిరిగొచ్చిన కత్తులు కాసేపు మీ చుట్టూ తిరుగుతాయి, వాటి డామేజ్ కూడా అవి ఎంత దూరం నుంచి వచ్చాయన్న దాన్ని బట్టే ఉంటుంది. దూరం జరగడమే మీ డామేజ్, దూరం జరగడమే మీ ప్రాణం కూడా, రెండూ ఒకే బటన్ మీద ఉన్నాయి, ఈ బిల్డు మీద నాకు ఇంత ప్రేమ అందుకే.

స్కిల్ ట్రీలో ట్విస్టింగ్ బ్లేడ్స్ కింద అడ్వాన్స్‌డ్ అనే అప్‌గ్రేడ్ తీసుకున్నారో లేదో చూడండి. కత్తులు తిరిగొచ్చేటప్పుడు ఎంతమందికి తగిలితే కూల్‌డౌన్‌లు (స్కిల్ మళ్లీ వాడేదాకా ఆగాల్సిన టైం) అంత తగ్గుతాయి. అంటే గుంపు పెద్దదైతే మీ డాష్, మీ డార్క్ ష్రౌడ్ ఇంకా తొందరగా చేతికొస్తాయి. ఒక్కడే బాస్ అయితే ఈ లాభం తక్కువ, అక్కడ మాత్రం ఓపిక పట్టాలి.

రోగ్‌కి ఉన్న మూడు స్పెషలైజేషన్లలో ఏది పెట్టారో రాయలేదు. కాంబో పాయింట్స్ అయితే పంక్చర్‌తో మూడు పోగేసి ట్విస్టింగ్ బ్లేడ్స్‌తో ఖర్చు పెట్టాలి, అలవాటు పడటానికి అదే తేలిక. ఇన్నర్ సైట్‌లో గుర్తు పడ్డవాడిని కొడుతూ గేజ్ నింపితే 4 సెకన్లు ఎనర్జీ లెక్కే ఉండదు, కానీ గుంపులో ఆ గుర్తు పడ్డవాడిని వెతుక్కోవడం కొత్తవాళ్లకి కష్టం. ప్రిపరేషన్ నాకిష్టం, అల్టిమేట్ వెయ్యగానే మిగతా కూల్‌డౌన్‌లన్నీ ఒక్కసారి తీరిపోతాయి. పీకలమీదికి వచ్చినప్పుడు షాడో క్లోన్ వేస్తే డాష్, షాడో స్టెప్, ష్రౌడ్ మూడూ మళ్లీ సిద్ధం. మీరు చచ్చిపోతున్న ఆ రెండు సెకన్లకి మందు ఇదేనని నా నమ్మకం.

ఇక ఆ హకాన్ మాట. వర్డ్ ఆఫ్ హకాన్ చేసేది రెయిన్ ఆఫ్ ఆరోస్‌కి అన్ని ఇంబ్యూమెంట్లూ పట్టించడం. మీ బిల్డులో రెయిన్ ఆఫ్ ఆరోసే లేదు! యూనిక్ అన్న పేరు చూసి మెడలో వేసుకోకండి. అమ్యులెట్ మీద ఆస్పెక్ట్ పెడితే దాని బలం ఒకటిన్నర రెట్లు పనిచేస్తుంది, యూనిక్ పెట్టారంటే ఆ చోటు పోయినట్టే. దాన్ని తీసి ఒక మామూలు లెజెండరీ అమ్యులెట్ వేసి, తట్టుకునే ఆస్పెక్ట్ ఏదైనా ముద్రించుకోండి. క్రాస్‌బోకి అయితే ఆస్పెక్ట్ బలం రెట్టింపు, మీరు దాంతో ఒక్క బాణం వెయ్యకపోయినా సరే. రోగ్‌కి మూడు ఆయుధాల చోట్లున్నాయి, కత్తుల బిల్డు కదా అని క్రాస్‌బోని నిర్లక్ష్యం చేసేవాళ్లు చాలామంది, మీ ముఖ్యమైన డామేజ్ ఆస్పెక్ట్ దాని మీదే ఉండాలి.

మియాపూర్_విలుకాడు

నీడ గారు చెప్పిన తాడాట పోలిక బాగుందండీ, కత్తులు ఎందుకు పట్టుకోవాలో నాకు ఇన్నాళ్లకి అర్థమైంది. నా పింగ్‌కి మాత్రం విల్లే.

కోఠి_గల్లీ

అక్కా, హకాన్ సంగతి నేను సూడనే లేదు, మంచిగ పట్టినవ్. అన్న, ఒక్కటి యాదుంచుకో. టెంపరింగ్ (సామాన్‌కు అదనపు గుణాలు జోడించుడు) చేసేటప్పుడు సామాన్ మీద ఇన్నిసార్లే అని లెక్కుంటది, అయిపోయినంక అది గంతే, మారదు. ఆన్సెస్ట్రల్ (పై రకం సామాన్) దొరికిందాక టెంపరింగ్ కోసం తిప్పలు పడకు, దొరికిన దానితోని నడుపు. ఆన్సెస్ట్రల్స్ టార్మెంట్‌లనే పడతయి కాబట్టి నువ్వు పెనిటెంట్‌లనే కూసుంటే కూడ పని కాదు. ఒక వారం పెనిటెంట్‌ల ఆర్మర్, జెమ్స్ సరిచేస్కొని మళ్ల ఎక్కు. ఒక్కనివే ఆడేటప్పుడు మెర్సినరీ (కిరాయి తోడు) రహేర్‌ను తీస్కో, డాలు పట్టుకొని ముంగట నిలబడతడు. మీ బామ్మర్ది వచ్చిన దినం డ్రూయిడ్‌ను ముంగట పెట్టు, నువ్వు ఎన్కనుంచి దూరు.

డాన్స్ ఆఫ్ నైవ్స్ అడిగినవ్ కద. నడుచుకుంట ఉంటే చుట్టు కత్తులు ఎగురుతయి, మంచిగనే ఉంటది, బలం కూడ ఉన్నది. గని అది ఒక్క బటన్ పట్టుకొని తిరుగుడు. నీకు దూరుడు ఇష్టమంటివి, ఉన్నదే సరిగ్గ నేర్చుకో.

రాత్రిషిఫ్ట్_రోగ్

పది రోజుల తర్వాత రాస్తున్నా, మధ్యలో షిఫ్టులు మారి టైం దొరకలేదు. హకాన్ తీసేశా, పాయిజన్ తీసి డార్క్ ష్రౌడ్ పెట్టా, స్పెషలైజేషన్ ప్రిపరేషన్‌కి మార్చా (ఇంతకుముందు ఇన్నర్ సైట్ ఉండేది, ఆ గుర్తు ఎవడి నెత్తి మీదుందో ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు). ఉంగరాల్లో టోపజ్ ఒకటి, స్కల్ ఒకటి. టార్మెంట్ 1లో ఆర్మర్ ఇప్పుడు 810, లైట్నింగ్ 48. నిన్న రాత్రి గంటన్నరలో ఒకే ఒక్కసారి చచ్చా, అదీ ఫోన్ మోగితే.

అన్నిటికన్నా తేడా తెలిసింది మాత్రం నీడ గారి మాటతో. పొడిచి అవతలికి పోవడం. మొదటి రెండు రోజులు చెయ్యి వినలేదు, పొడిచి అక్కడే నిలబడుతున్నా, బార్బేరియన్ అలవాటు. మూడో రోజు ఒక పెద్ద గుంపు మధ్యలోంచి డాష్ కొట్టి అవతల తేలి వెనక్కి చూస్తే కత్తులన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి, మొత్తం గుంపు కూలిపోయింది, రాత్రి పన్నెండున్నరకి కుర్చీలోంచి లేచి నిలబడ్డా. మా ఆవిడ ఏమైందని లోపల్నుంచి కేకేసింది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. పిట్ 35 కొడితే టార్మెంట్ 2 తెరుచుకుంటుంది కదా, వెంటనే ఎక్కనా, ఇక్కడే ఉండనా?

తార్నాక_నీడ

పిట్ 35 కొట్టి తెరిచి పెట్టుకోండి, ఎక్కకండి. అక్కడ ఇంకో 250 ఆర్మర్, ఇంకో 25 రెసిస్టెన్స్ పోతాయి, మీ లైట్నింగ్ మళ్లీ 23కి వస్తుంది. టార్మెంట్ 1లో ఆర్మర్ వెయ్యి, రెసిస్టెన్స్‌లన్నీ 70 నిండాకే. ఆన్సెస్ట్రల్ ఛాతీ కవచం, ప్యాంటు ఏవైనా పడితే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.

కోఠి_గల్లీ

శనివారం పదకొండుకు నేను కూడ ఆన్‌లైన్ ఉంట. మీ బామ్మర్దిని పిలువు, పిట్ 35 ముగ్గురం కలిసి కొడదం.