‘ఆర్డర్’ అంటే ముందు ఆజ్ఞా, వరుసా?

పదపిచ్చి: ఆర్డర్‌కి అసలు అర్థం ఆజ్ఞ అని నా వాదన. ఒకడు ఆజ్ఞాపిస్తే జనం బారు తీరతారు, క్రమం అలా పుట్టింది. ఆర్డినెన్స్ శాసనం, ఆర్డెయిన్ అంటే విధించడం. ఇంటిల్లిపాదికీ అధికారం వాసనే!

పడుగుపేక: తలకిందులుగా పట్టుకున్నారండీ. లాటిన్‌లో ‘ఓర్డో’ అంటే వరుస. మగ్గం మీద పడుగు దారాల బారు నుంచి వచ్చిందంటారు. దాని చుట్టం ‘ఓర్డీరి’ అంటే నేత మొదలుపెట్టడం. ప్రైమోర్డియల్, అంటే మొట్టమొదటినాటిది అన్న మాట, అటునుంచే వచ్చింది. ఫ్రెంచ్ మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగినప్పుడు కూడా ఆర్డర్ అంటే సన్యాసుల సంఘం, శ్రేణి. ఆజ్ఞ అన్న అర్థం 16వ శతాబ్దానికి గానీ రాలేదు.

పదపిచ్చి: నామవాచకం సంగతి సరే. మరి ఆర్డెయిన్? ‘శాసించడం’ అన్న అర్థం దానికి 14వ శతాబ్దానికే ఉంది కదా.

పడుగుపేక: ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ దాని మూలం ‘ఓర్డినారె’కి ముందున్న అర్థం వరుసలో పెట్టడమే. నియమించడం, పాలించడం దాని మీద మొలిచినవి. మన ‘వరుస’ చూడండి, బారు నుంచి బంధుత్వం దాకా పోలేదూ? ఆర్డినరీ కూడా అంతే: వరుసలో ఉన్నది, అంటే మామూలుది. నాకు భలే నచ్చేది ఆర్డ్‌నెన్స్. ఆర్డినెన్స్ అన్న మాటే అది. మధ్యలో ఒక ‘ఇ’ రాలేసరికి శాసనం కాస్తా ఫిరంగి అయింది!

దారినపోయేవాణ్ణి: బార్డర్ కూడా ఈ ఇంటిదేనా?

పడుగుపేక: కాదు, ధ్వని పోలికే. అది జర్మానిక్ మూలం, అంచు అన్న అర్థంలోది. ఆర్నమెంట్ మాత్రం ఈ ఇంటి ఆడపడుచే అంటారు. సర్దితేనే సింగారం మరి. గ్రీకుల ‘కాస్మోస్’ కూడా ఇదే దారి: క్రమం, అలంకారం రెండూ అందులోనే. కాస్మెటిక్స్ అక్కణ్ణుంచే వచ్చింది.

పదపిచ్చి: సరే, నామవాచకం మీకు వదిలేశాను. క్రియ విషయంలో మాత్రం సగమే ఒప్పుకుంటా. విధించడం అన్న అర్థం లాటిన్‌లోనే మొలిచిందని మీరే అన్నారు. అయినా లా అండ్ ఆర్డర్‌లో ఉన్నది ఆజ్ఞేగా?

పడుగుపేక: అక్కడా కాదు. అది అల్లరి లేకుండా అంతా సవ్యంగా ఉండటం. మన పేపర్లు ‘శాంతిభద్రతలు’ అని రాస్తున్నాయి, ‘చట్టం, ఆజ్ఞ’ అని కాదుగా!