లాత్వియా పాట పలకడం నేర్పగలరా?

అందరికీ నమస్కారం. 2025 యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీలో లాత్వియా తరఫున తౌతుమెయితస్ బృందం పాడిన ‘బుర్ మన్ లైమి’ పాట గురించి సాయం కావాలి. ఇరవై లక్షల జనాభా కూడా లేని దేశం. ఇంగ్లీషులో పాడితే ఎక్కువమందికి అర్థమయ్యేది, అయినా ఆ ఆరుగురమ్మాయిలూ సొంత భాషలోనే పాడారు. పోటీ జరిగిన స్విట్జర్లాండ్ నగరం బాసెల్‌లో 13వ స్థానం వచ్చింది. నాకైతే అదే మొదటి స్థానం.

మా అమ్మమ్మ, చుట్టుపక్కలవాళ్లు వరండాలో కలిసి మంగళహారతులు పాడేటప్పుడు ఒకరి గొంతు ఆగేలోపే ఇంకొకరు అందుకునేవారు. ఈ పాట వింటే ఆ వరండానే గుర్తొస్తోంది.

పాట పేరులోని ‘లైమి’కి మూలమైన ‘లైమె’ అంటే అదృష్టం, సంతోషం అని, వాళ్ల జానపదాల్లో లైమ అనే దేవత ఉందని చదివాను. మరి పాటలో అడుగుతున్నది ఆ దేవతనేనా? ఇందులోని మాటలు ‘దైనా’లనే పాత జానపద పాటల నుంచి తీసుకున్నవా, కొత్తగా రాసినవా?

లాత్వియా రాజధాని రీగాలో చదువుకుంటున్న మనవాళ్లెవరైనా ఉంటే పల్లవి వరకైనా ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి, ప్లీజ్. దీపావళికి మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కలిసి పాడాలనుకుంటున్నాం. వాళ్ల మాటను తప్పుగా పలుకుతామేమోనని టెన్షన్‌గా ఉంది.